మొహమాటం చేపలు

ఆ రోజుల్లో మా కొల్లేటి వైపు పిల్లలకి ఆటబొమ్మలు ఉండేవి కావు గానీ, పిల్లల్నే ఆటబొమ్మలుగా చేసుకునే నాన్నలు ఉండేవారు. (అందరి నాన్నల సంగతి నాకు తెలియదు, మా నాన్న సంగతి చెబుతున్నాను.) ఇప్పటి పిల్లలకి సరదాకి ఏదైనా చెప్పామంటే ఫోను తీసి చూసి "అమ్మా, అదేం కాదంట" అనేస్తారు. మాకు అలా చూసుకునే వీలు లేదు. నాన్న చెప్పాడంటే అంతే. సాయంత్రం కొంగలన్నీ ఒకే దిక్కుకి ఎందుకు పోతాయని అడిగితే, వాటికి బడి విడిచిపెట్టారు అన్నాడు. మరి బడి బెల్లు ఎవరు కొడతారని అడిగితే, పెద్ద గూడబాతు అన్నాడు. దాని ముక్కు కింద సంచి ఉంటుంది కదా, అందులో పలకలు పెట్టుకుంటుంది అన్నాడు. నేను ఆ మాట బళ్ళో మాస్టారికి కూడా చెప్పాను. ఆయన నన్ను ఏమీ అనలేదు, మీ నాన్నని ఒకసారి రమ్మనమ్మా అన్నారు.

నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు సపోటా పండు తింటూ గింజ మింగేశాను. నాన్న ఆ మాట వినగానే ముఖం దిగాలుగా పెట్టి, చెరువు కాపలాకి వాడే పెద్ద టార్చిలైటు తెచ్చి నా చెవిలోకి వేసి చూశాడు. "ఆయ్, గింజ పడుకునుంది. రేపటికి మొలకేసేస్తది" అన్నాడు. నిజంగానే తెల్లవారి లేచేసరికి నా చెవిలోంచి చిన్న చిగురు బయటికి వచ్చి ఉంది. (గోరింటాకు చిగురు. నేను నిద్రపోతుంటే ఆయనే పెట్టాడు.) లాగొద్దు, లాగితే మెదడు కూడా వచ్చేస్తుంది అన్నాడు. ఆ రోజు ఆదివారం. నేను ఆ చిగురు మీద ముసుగు కప్పుకుని చర్చికి వెళ్ళి, అయ్యగారు "ప్రార్థన మనవులు ఎవరికైనా ఉన్నాయా అమ్మా" అని అడగ్గానే లేచి నిలబడ్డాను. "నా తలకాయలో సపోటా చెట్టు లేస్తందండి. ఆగిపోవాలని ప్రార్థన చెయ్యండి అయ్యగారూ" అన్నాను. అయ్యగారు చాలా మంచివారు. నవ్వకుండా కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. కాకపోతే ప్రార్థన అయ్యేవరకూ ఆయన భుజాలు ఎగురుతూనే ఉన్నాయి.

అమ్మ మాత్రం నవ్వలేదు. "ఏవండీ, పిల్లని పదిమందిలో అలా చేస్తారా?" అని ఇంటికొచ్చాక నాన్నని కేకలేసింది. మా అమ్మ అసలు నవ్వే మనిషి కాదు. మంచిది కాదని అనడం లేదు, ఆవిడకి ఆటలు చేతకావు, అంతే. ఎవరైనా సరదాకి ఒక మాట అంటే ఆవిడ దానికి నిజం జవాబు చెప్పేది. "ఏవే, నిన్న నువ్వు పెట్టిన పులుసుకి చెరువులో చేపలన్నీ భయపడిపోయాయే" అని నాన్న అంటే, "నిన్న పులుసు పెట్టలేదండి, పప్పు చేశాను" అనేది. ఆవిడ జీవితంలో ఒక్కసారే ఆటపట్టించిందని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆ ఒక్కసారి సంగతే ఇది.

నాన్న గుండుగొలను నుంచి బాగా లోపలికి వెళితే వచ్చే ఒక చేపల చెరువు మీద పనిచేసేవాడు. కాపలా ఆయనే, మేత వెయ్యడమూ ఆయనే. ఒక ఏడాది వరదకి ఊళ్ళో మా ఇంటి గోడలు పడిపోతే, చెరువు రైతు గారు గట్టు మీద తాటాకు పాకలో మమ్మల్ని ఉండమన్నారు. పాకలో ఎన్నాళ్ళు ఉంటామని అమ్మ కువైట్ వెళ్ళింది, ఇళ్ళల్లో పనికి. అప్పట్లో మా ఊళ్ళో ఏ వీధి చూసినా అమ్మ లేని ఇల్లు ఒకటి ఉండేది. వాళ్ళందరూ చచ్చిపోయిన అమ్మలు కాదు, కువైట్‌లోనో మస్కట్‌లోనో ఎవరి పిల్లలకో అన్నం పెడుతున్న అమ్మలు. ఏలూరు స్టేషన్లో రైలెక్కేటప్పుడు అమ్మ నాన్నతో ఒక్కటే మాట చెప్పింది. "బుడ్డోడు తినకపోతే నేనక్కడ ఉండలేనండి. ఎలాగోలా మధ్యలో వచ్చేస్తాను" అంది. బుడ్డోడు అంటే మా తమ్ముడు, అప్పటికి ఇంకా బళ్ళో వెయ్యలేదు. మధ్యలో రావడం అంటే మాటలు కాదని మాకు తెలుసు. పక్క వీధిలో ఒక పిన్ని అలాగే మధ్యలో వచ్చేస్తానని మేడం గారింట్లోంచి బయటికి వచ్చేసింది. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గర ఉండిపోయింది. చాలా నెలలు ఆ పిన్ని ఎక్కడుందో కూడా ఎవరికీ తెలియలేదు.

స్టేషన్లో మా తమ్ముడు ఏడవలేదు. అమ్మ ఎప్పుడొస్తుందని అడిగితే నాన్న రెండేళ్ళకి అని చెప్పాడు, వాడు తలూపాడు. ఆ మర్నాటి నుంచి తినడం మానేశాడు. మాట్లాడడం కూడా మానేశాడు. ఏది అడిగినా "ఊ", లేకపోతే "ఊహూ". నేను ఐదో తరగతి పరీక్షలు రాసేసి ఇంట్లో ఉండి వండడం మొదలుపెట్టాను. (నా వంట వల్ల తినడం లేదేమో అని కూడా కొన్నాళ్ళు అనుకున్నాను. నా అన్నం ఒక పక్క గంజి, ఒక పక్క బియ్యంలాగా ఉండేది.) నెలకొక ఆదివారం అమ్మ అయ్యగారి ఇంటికి ఫోను చేసేది. మొదటి మాట, "బుడ్డోడు తింటన్నాడా?" నాన్న నా వైపు చూసేవాడు, నేను నాన్న వైపు చూసేదాన్ని. "శుభ్రంగా తింటన్నాడే" అనేవాడు నాన్న. ఒకసారి వాడిని ఇవ్వమంటే ఇచ్చాం. వాడు ఫోను చెవికి పెట్టుకుని ఏమీ మాట్లాడలేదు. అమ్మ అవతల నుంచి పిలుస్తూనే ఉంది.

వాడి మెడ సన్నబడిపోయింది. చొక్కా భుజం మీద ఆగేది కాదు. అప్పటి నుంచి నాన్న ఆటలు కూడా తగ్గించేశాడు. సాయంత్రాలు పాక ముందు ముగ్గురం కూర్చుంటే గట్టు కింద నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

ఇక్కడ మేత సంగతి చెప్పాలి. తవుడూ వేరుశనగ చెక్కా కలిపి, అడుగున చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ సంచుల్లో పోసి, ఆ సంచుల్ని ఒక పొడుగు తాడుకి వరసగా కట్టి నీళ్ళలోకి దింపుతారు. చేపలు వచ్చి చిల్లుల్లోంచి లాక్కుని తింటాయి. అవి తింటుంటే సంచులు ఊగుతాయి. తాడు కొస గట్టు మీద గుంజకి కట్టి ఉంటుంది. ఒకరోజు పొద్దున్న నాన్న మేత కట్టేసి వచ్చి ఆ గుంజ పక్కన చతికిలబడి, తలమీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏం చెయ్యాలో తెలీట్లేదమ్మాయ్. చేపలు మేత ముట్టుకోట్లేదు."

"ఎందుకు నాన్నా? జబ్బు చేసిందా?"

"జబ్బు కాదు, మొహమాటం. మనవి గోదావరి జిల్లా చేపలు కదా. ఇంటోళ్ళు తినకుండా మనం తింటే ఏం బాగుంటది, ఆయ్, ముందు మీరు కానివ్వండి అంటన్నాయి. మన బుడ్డోడు తినట్లేదని వాటికి ఎలాగో తెలిసిపోయింది."

నాకు సపోటా గింజ గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. తమ్ముడు నీళ్ళ వైపు చూశాడు. సంచులు కదలకుండా ఉన్నాయి. (దింపి అప్పటికి ఎంతసేపయిందని.) నేను కంచంలో అన్నం కలిపి తెచ్చి వాడి ముందు పెట్టాను. వాడు చాలాసేపు ఆలోచించి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. సంచులు ఊగాయి. వాడు నమలడం ఆపి చూశాడు. సంచులు ఆగాయి. ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. మళ్ళీ ఊగాయి.

"నిజంగానే తింటన్నాయే" అన్నాడు మా తమ్ముడు. అమ్మ వెళ్ళాక వాడు అన్న మొదటి మాట అది.

నాన్న లుంగీ కింద నుంచి కాలి బొటనవేలు ఆ తాడులో దూర్చి ఉంచాడు. వాడు ముద్ద తిన్నప్పుడల్లా లాగేవాడు. సాయంత్రానికి ఆ వేలు ఒరుసుకుపోయి కమిలిపోయింది. కొబ్బరినూనె రాసుకుంటూ నా వైపు కన్ను కొట్టాడు. అప్పటి నుంచి రోజూ అదే తంతు. తమ్ముడు కంచం పట్టుకుని గట్టు మీదకి వచ్చి, పెళ్ళి భోజనాల దగ్గర పెద్దమనిషిలాగా నీళ్ళ వైపు తిరిగి కూర్చునేవాడు. పెరుగు వేసుకోకుండా లేస్తే అవి కూడా సగంలో లేచిపోతాయని నాన్న అంటే, పెరుగు కూడా వేసుకునేవాడు. ఆ నెల ఫోనులో నాన్న "తింటన్నాడే" అన్నప్పుడు నా వైపు చూడలేదు.

తర్వాత ముసురు పట్టింది. ఎండ ముఖం చూడలేదు. మబ్బు అలా మూసేస్తే నీళ్ళలో గాలి తగ్గిపోతుంది, చేపలు మేత మానేసి పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. చెరువు మీద పనిచేసే వాళ్ళకి దానంత భయం ఇంకొకటి లేదు. నాన్న మేత కట్టాక మబ్బు మరీ కమ్మేసింది. ఆయన ఇంజను ఆడించి కొత్త నీళ్ళు పెట్టడానికి చెరువు అవతలి గట్టుకి పరుగెత్తాడు. నేను పాకలో కట్టెలు తడిసిపోయి, పొయ్యి అంటుకోక ఊదుకుంటూ కూర్చున్నాను. తమ్ముడు తన కంచం తనే పట్టుకుని గుంజ దగ్గరికి వెళ్ళాడని కూడా నేను చూసుకోలేదు.

వాడు వచ్చి "అక్కా, ఇంకా అన్నం పెట్టు" అన్నాడు. నాకు ఎంత సంతోషం వేసిందో. పెట్టాను. మళ్ళీ వచ్చాడు. మళ్ళీ పెట్టాను. (ఆకలి మళ్ళీ వచ్చింది, దేవుడికి స్తోత్రం అనుకున్నాను. నా తెలివి అలాంటిది.) నాన్నకి ఉంచింది పెట్టాను, నాకు ఉంచుకున్నది కూడా పెట్టాను. గిన్నె ఖాళీ అయ్యాక వాడి మాటలు వినపడి బయటికి వచ్చాను. చినుకులో తడుస్తూ, రెండు బుగ్గల నిండా అన్నం పెట్టుకుని, వాడు చెరువుతో మాట్లాడుతున్నాడు.

"తినండి. నేను తింటన్నాను కదండీ. మొహమాట పడకండి. ఇదిగో, పెరుగు కూడా వేసుకున్నాను. తినండి బాబూ."

సంచులు కదలడం లేదు. వాటి చుట్టూ ఎక్కడ చూసినా చేపల నోళ్ళే, నీటి పైకి వచ్చి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. వాడు ఇంకో ముద్ద కుక్కుకున్నాడు, అది లోపలికి వెళ్ళలేదు. తిన్నదంతా గట్టు మీద కక్కేశాడు. కక్కి, మళ్ళీ కంచంలో చెయ్యి పెట్టాడు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుంటే విదిలించేసి ఏడుపు లంకించుకున్నాడు. "వదులు, అయ్యి చచ్చిపోతన్నాయి. నేను సరిగ్గా తినలేదు" అని ఒకటే ఏడుపు. 

నాన్న అవతలి గట్టు నుంచి బురదలో పడుతూ లేస్తూ వచ్చాడు. వాడిని ఎత్తుకుని మూతి తుడిచి, "నీ వల్ల కాదురా నాన్నా. మబ్బు వల్ల. చేపలకి మొహమాటం ఏంట్రా, నేను ఆటకి చెప్పాను. ఇదిగో, ఈ వేలితో తాడు లాగేవాణ్ణి" అని కాలు చూపించాడు. తమ్ముడు ఏడుపు ఆపేసి ఆ వేలు వైపు చూశాడు. తాడు వైపు చూశాడు. తర్వాత నాన్న ముఖంలోకి చూసి నెమ్మదిగా అడిగాడు.

"అయితే అమ్మ వచ్చుద్దని చెప్పింది కూడా ఆటకేనా?"

నాన్న కాదన్నాడు. నిజమేరా అన్నాడు. వాడు "ఊ" అన్నాడు. ఆ "ఊ" మాకు తెలుసు, పాత "ఊ" అది.

రైతు గారు ఇంకో ఇంజను పంపించారు, చేపలు చాలావరకు తేరుకున్నాయి. తమ్ముడు తేరుకోలేదు. నాన్న నోట్లోంచి వచ్చే ఏ మాటనీ నమ్మడం మానేశాడు. ఇది కూర రా, తిను అంటే వేలితో ముట్టుకుని వాసన చూసేవాడు. ఈ రోజు ఆదివారం అంటే నన్ను అడిగి నిజమో కాదో తెలుసుకునేవాడు. నాన్న పాపం బైబిలు మీద చెయ్యి వెయ్యడానికి కూడా సిద్ధపడ్డాడు గానీ, ఒట్లు పెట్టకూడదని అయ్యగారే చెప్పారు కదా. చివరికి అన్నాడు, "నా మాట నమ్మొద్దులే. ఈసారి ఫోను వస్తే మీ అమ్మనే అడుగు. మీ అమ్మకి ఆటలు రావు" అని. తమ్ముడు అప్పటివరకూ నీళ్ళూ, మజ్జిగా, అప్పుడప్పుడూ ఒక బిస్కెట్టు మీద ఉన్నాడు.

ఆ నెల ఫోను వచ్చే ఆదివారం ప్రార్థన అయ్యాక అయ్యగారి ఇంట్లో బల్ల చుట్టూ నిలబడ్డాం. ఫోను మోగింది. నాన్న తను మాట్లాడకుండా, తీసి తమ్ముడికే ఇచ్చాడు. వాడికి బరువని నేను పట్టుకున్నాను, నా చెవి కూడా దానికే ఆనించాను. నాన్న ఇంకో పక్క నుంచి వంగాడు. ముసురులో తడిసి, ఏడ్చి ఏడ్చి తమ్ముడి గొంతు అప్పటికి బొంగురుపోయి ఉంది. పైగా చాలా నెలలు మాట్లాడలేదు కదా, అమ్మతో ఎలా మాట్లాడాలో మర్చిపోయాడో ఏమో, అయ్యగారింట్లో అందరూ మాట్లాడినట్టు మాట్లాడాడు.

"ఏవండీ, బాగున్నారా అండి? మీరు వస్తారా అండి?"

అవతల అమ్మ, "ఎవరు బాబూ? అయ్యగారి మనవడివా? మావాళ్ళు వచ్చారేమో కాస్త చూస్తావా నాన్నా" అంది.

తమ్ముడి చెయ్యి ఫోను మీదనుంచి జారిపోయింది. నా చెవికి ఆ మాట స్పష్టంగా వినపడింది. ఆవిడ గొంతులో ఆట ఏమీ లేదు. ఆవిడకి నిజంగానే తెలియలేదు. తమ్ముడు నాన్న వైపు చూశాడు. నాన్న ముఖం మీద రంగు పోయింది. ఒక్క క్షణం అంతే. తర్వాత నాన్న బల్ల మీద చరిచి, అయ్యగారింట్లో ఎవరూ ఎప్పుడూ నవ్వనంత పెద్దగా నవ్వాడు.

"చూశావా, చూశావా! మీ అమ్మ కూడా నేర్చేసుకుంది! నిన్నే ఎవరు బాబూ అంటంది! కువైట్ వెళ్ళి ఇదంట్రా నేర్చుకుంది!"

తమ్ముడు నమ్మలేదు. నాన్న మాట కదా. నా వైపు తిరిగాడు. నేను కూడా నవ్వాను. ఎలా నవ్వానో నాకు తెలియదు, కడుపు పట్టుకుని, వంగిపోయి, కళ్ళ నీళ్ళు వచ్చేలాగా నవ్వాను. అప్పుడు వాడి ముఖం మెల్లగా విచ్చుకుంది. వాడు కూడా నవ్వాడు. ఫోను రెండు చేతులతో పట్టుకుని, "అమ్మా, నేనే! బుడ్డోణ్ణి! ఆటలొద్దు, నిజం చెప్పు. వస్తావా?" అన్నాడు.

ఫోను కట్ అయిపోయిందనుకున్నాను. తర్వాత అమ్మ అంది, "వస్తానురా నాన్నా. ఇది ఆట కాదు." ఆవిడకి ఆటలు రావు కాబట్టి వాడు నమ్మేశాడు. ఫోను పెట్టేసి, అయ్యగారి భార్య దగ్గరికి వెళ్ళి, మొహమాటం లేకుండా "అన్నం ఉందా అండి?" అని అడిగాడు.

అమ్మ చెప్పినన్నాళ్ళకి రాలేదు, చెప్పినదానికి రెండింతలు పట్టింది. మేమందరం ఏలూరు స్టేషన్‌కి వెళ్ళాం. అప్పటికి తమ్ముడు పొడుగయ్యాడు, పళ్ళు ఊడి కొత్తవి వచ్చాయి. వాడు ఆ రోజు కోసం ఎన్నాళ్ళనుంచో ఒక ఆట దాచుకున్నాడంట. అమ్మ పెట్టెతో దిగి వాడి వైపు రాగానే చేతులు కట్టుకుని, "ఎవరండీ మీరు? మా అమ్మ ఈ రైల్లో వచ్చిందేమో కాస్త చూస్తారా అండి?" అన్నాడు. అమ్మ ఆ పెట్టె మీదే కూలబడిపోయి ఏడ్చింది. ప్లాట్‌ఫారం మీద అందరూ పిల్లల్ని చూసిన సంతోషం అనుకున్నారు. తమ్ముడు కూడా అలాగే అనుకుని, బదులు తీర్చుకున్నానని చాలా గర్వపడ్డాడు.

ఇప్పుడు మా తమ్ముడు వట్లూరులో ఉంటున్నాడు, కాలేజీ బస్సు నడుపుతాడు. వాడికి ఇద్దరు పిల్లలు. పండగకో పుట్టినరోజుకో అందరం కలిస్తే వాడు వాళ్ళకి ఈ కథ చెబుతాడు. "మీ నాయనమ్మని చూసి అమాయకురాలు అనుకుంటన్నారేమో, కువైట్ నుంచి ఫోనులో నన్ను ఎంత ఏడిపించిందో తెలుసా" అంటాడు. పిల్లలు నాయనమ్మ మీద పడి, మళ్ళీ ఒకసారి అను, ఎవరు బాబూ అని అను అంటారు. అమ్మ అంటుంది. అనలేక అంటుంది. ఒకసారి అమ్మా నేనూ పెరట్లో చేపలు శుభ్రం చేస్తుంటే, తల ఎత్తకుండా, "ఆ రోజు నాకు నిజంగా గొంతు తెలీలేదే అమ్మాయ్" అంది. తెలుసమ్మా అన్నాను. ఇంక ఆ మాట మళ్ళీ మేము ఎత్తుకోలేదు.

మొన్న కూడా తమ్ముడు ఆ కథ చెప్పాడు. నాన్న మామూలుగానే అందరికంటే ముందు నవ్వేశాడు. నా వంతు వచ్చేసరికి నేను కూడా నవ్వాను గానీ, ఏదో తేడా వచ్చింది, మా అమ్మాయి వెంటనే "ఏంటమ్మా, అలా ఉన్నావు?" అని అడిగేసింది. ఏం లేదే, ముల్లు గుచ్చుకుంది అన్నాను. (ఆ రోజు కూరలో చేపలే లేవు, వంకాయ.) ఇంత వయసు వచ్చి, ఇద్దరు పిల్లల్ని పెంచి, ఒక్క నవ్వు సరిగ్గా నవ్వలేకపోయాను. అయ్యగారింట్లో బల్ల పక్కన నిలబడ్డ ఆ చిన్నపిల్ల నాకంటే ఎంత బాగా నవ్విందో.